పొట్టి వరుస

ముప్పై ఎనిమిదో రెక్కను కిరసనాయిలు గుడ్డతో తుడిచి ముప్పై తొమ్మిదో దాని మీదికి చెయ్యి జరుపుతూ చిన్నబ్బ గోడ గడియారం వైపు చూశాడు. పదకొండున్నర. ఒంటిగంట దాకా ఆయనకున్న పనల్లా రెక్కలు తుడుచుకోవడం, మంచినీళ్లు తాగడం, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకపోవడం. ఒంటిగంటకు పక్క షెడ్డులో గ్రానైటు పలకలు నునుపు చేసే యంత్రాలు భోజనాల కోసం ఆగుతాయి. ఆ వాడ మొత్తానికి నిశ్శబ్దం అంటూ దొరికేది ఆ ఒక్క గంటే. చిన్నబ్బ అసలు పని ఆ గంటలోనే. అందుకే ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన మధ్యాహ్నం అన్నం రెండున్నరకు తింటున్నాడు. ఆదివారం ఇంట్లో ఉన్నా ఆ వేళకు గానీ ఆకలి పుట్టదు.

చిత్తూరు ఊరి చివర రేకుల షెడ్డు అది. తిరిగే యంత్రాలకు జబ్బు చేస్తే అక్కడికి తెస్తారు. చక్కెర మిల్లుల టర్బైన్లు, నూనె మిల్లుల బ్లోయర్లు, కాగితం మిల్లుల పంకాలు వస్తుంటాయి. ఎక్కడ ఒక వైపు బరువు ఎక్కువైందో, ఎక్కడ వణుకు పుడుతోందో చూసి సరిచేసి పంపుతారు. ఈ రోజు రెండు దిమ్మల మీద పడుకోబెట్టి ఉన్నది సత్యవేడు అవతల ఒక చక్కెర మిల్లు నుంచి వచ్చిన ఆవిరి టర్బైను రోటరు. మనిషిన్నర పొడవు ఇరుసు, దాని మీద ఆరు ఉక్కు చక్రాలు, ప్రతి చక్రం అంచు చుట్టూ దగ్గర దగ్గరగా బిగించిన ఉక్కు రెక్కలు. ఒక చివర జానెడు పొడవున్న రెక్కలు, రెండో చివర చూపుడువేలంత కూడా లేని పొట్టి రెక్కలు. బాయిలరు నుంచి వచ్చే ఆవిరి ముందు పొట్టి వరుస మీద పడి, చివరికి పొడుగు వరుస దాటి బయటికి పోతుంది. ఆ తోపుకు రెండు టన్నుల ఇనుము నిమిషానికి ఆరువేల చుట్లు తిరుగుతుంది.

అలా తిరిగేటప్పుడు, గుప్పెట్లో ఇమిడిపోయే ఒక్కొక్క పొట్టి రెక్క రెండు కార్ల బరువుతో బయటికి లాగుతుంది. చక్రం దాన్ని వదలకుండా పట్టుకుని ఉంటుంది. ఈ లెక్కను చిన్నబ్బకు ఇరవై ఏడేళ్ల వయసులో ఆ షెడ్డు పెట్టిన యజమాని కాగితం మీద వేసి చూపించాడు. అరవదేశం పక్కనే కాబట్టి అక్కడందరూ యజమానిని ముదలాళి అంటారు. ఆ పెద్ద ముదలాళి పోయి పన్నెండేళ్లయింది. ఆ లెక్క మాత్రం చిన్నబ్బను ఇంకా వదల్లేదు. ఏ రోటరు వచ్చినా మొదటి రోజు దాని ముందు కాసేపు ఊరికే నిలబడతాడు. భయంతో కాదు. ఇంత లాగుడులో ఇది ఇలా నిలిచి ఉందే అన్న ఆశ్చర్యంతో. కొత్త కుర్రవాళ్లు నవ్వుకునేవాళ్లు. నవ్వుకుంటే నవ్వుకోనీ, ఆశ్చర్యపోవడానికి జీతంలో కోత పెట్టరు కదా.

"ఏమప్పా చిన్నబ్బా, బాగుండాదా మా తల్లి?"

సిమెంటు బస్తా మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న మునస్వామి అడిగాడు. చక్కెర మిల్లులో ఆ టర్బైను నడిపేది ఆయనే. రోటరును ఒంటరిగా పంపడం వాళ్ల మిల్లులో ఆనవాయితీ లేదు. అది లారీ ఎక్కితే నడిపే మనిషి కూడా ఎక్కాలి, అది తిరిగి వచ్చేదాకా దానితోనే ఉండాలి. నిన్న సాయంత్రం దింపగానే ఆయన చేసిన మొదటి పని దాని ఇరుసుకు పసుపు కుంకుమ పెట్టడం.

"ఇంగా తుడస్తానే ఉండాను. తొందరేంది నీకు?"

"తొందరేం ల్యా. నువ్వు సెవి పెట్టి సూసినావంటే నాకు బయం ల్యా. ఆరడుగుల దూరంలో గదప్పా నా కుర్సీ!"

చిన్నబ్బ నవ్వాడు. ఆ చెవికి రెండు జిల్లాల్లో పేరుంది. పేరు విని చూడటానికి వచ్చినవాళ్లు మాత్రం ఉసూరుమంటారు. బక్కపలచని మనిషి, ఎడమ భుజం కాస్త వాలి ఉంటుంది, మోచేతుల దాకా నూనె మరకలు. చెవులు అందరి చెవుల్లాంటివే, వాటిలో తెల్ల వెంట్రుకలు. మొదట్లో ఆయన పక్క గ్రానైటు షెడ్డులోనే కూలీ. పలకను వేలి కణుపుతో తట్టి లోపల చీలిక ఉందో లేదో చెప్పేవాడు. చెప్పింది తప్పేది కాదు. అది గోడ మీంచి చూసిన పెద్ద ముదలాళి ఒక రోజు పిలిచి ఇత్తడి సుత్తి చేతికిచ్చి, "రాయి మాట ఇంటివి, ఇనుము మాట గూడా ఇను" అన్నాడు.

అంతే ఆయన చదువు. రెక్కను సుత్తితో మెల్లగా తట్టాలి. మంచి రెక్క గంటలా చాలాసేపు మోగుతుంది. రెక్క మొదలు దగ్గర పగులుంటే స్వరం దిగి, త్వరగా చచ్చిపోతుంది. రెక్క మొదలు చక్రం గాడిలో దాగి ఉంటుంది, అక్కడ పుట్టే పగులు కంటికి కనపడదు, రంగు పూసి చూసే పరీక్షకూ అందదు. దాన్ని బయటపెట్టేది ఆ మోత ఒక్కటే. మూడు వందల పైచిలుకు రెక్కలు ఒక్కొక్కటిగా తట్టి, విని, "మోగింది" అని పైకి అనాలి. ఆ మాట ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్ని లక్షల సార్లు అన్నాడో ఆయనకే తెలియదు. ఆ మాట నమ్మి మనుషులు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

ఆ రోజు పొద్దున ఇంట్లో చిన్న రభస జరిగింది. కొళాయికి నీళ్లొచ్చాయని వరదమ్మ బిందెలు తీసుకుని వీధిలోకి పోతూ, కుక్కరు మూడు కూతలు వేస్తే ఆపమని మొగుడికి చెప్పింది. చిన్నబ్బ పొయ్యి ముందే నిలబడ్డాడు. పప్పు మాడిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.

"యాడ పెట్టినావు నీ సెవులు? ఆరు కూతలేసింది. వీధిలో నాకు ఇనపడినాది!"

"ఏందో ఆలోసిస్తా ఉంటి."

వరదమ్మ కొంచెంసేపు ఆయన మొహంలోకి చూసి, అడుగంటిన పప్పు గీకడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఇలాంటి ఆలోచనలు ఈ మధ్య చాలా అయ్యాయి. కానీ చెవుడు అనే మాట చిన్నబ్బ దగ్గరికి రానివ్వలేదు. బస్సు కండక్టరు పిలుపు వినపడుతోంది. మునస్వామి బొంగురు గొంతు వినపడుతోంది. రెక్కలన్నీ ఎప్పటిలాగే మోగుతున్నాయి. చెవుడంటే ఏదీ వినపడకపోవడం అని ఆయన లెక్క.

పన్నెండున్నరకు ఐశ్వర్య వచ్చింది. తిరుపతిలో యంత్రాల పరీక్షలు చేసే ఒక సంస్థలో ఇంజనీరు. ఇరవై ఆరేళ్లుంటాయి. వీపున సంచీ, చేతిలో నల్లటి పెట్టె. ఆమె వెనకే చిన్న ముదలాళి సుబ్రమణ్యం తల గోక్కుంటూ వచ్చాడు.

"అన్నా, ఇన్సూరెన్సోళ్లు కాగితం అడగతా ఉండారు. మిషనుతో కొలిచిన కాగితమే కావాలంట. నీ పని నువ్వు జెయ్యి. పక్కన ఈ పాప గూడా కొలస్తాది. ఏమీ అనుకోవద్దు."

అనుకోవడానికి ఏముంది? చిన్నబ్బకు కోపం రాలేదు సరికదా, గుడ్డ పక్కన పెట్టి ఆ పెట్టెలోకి తొంగి చూశాడు. వేలి గోరంత ఇనుప బిళ్ల, దానికి వెంట్రుకంత తీగ, అది ల్యాప్‌టాప్‌లోకి పోతోంది.

"ఇది ఏం జేస్తాదిమ్మా?"

"మీరు కొడితే బ్లేడు వణుకుతాది కదా సార్. సెకనుకు ఎన్నిసార్లు వణుకుతా ఉందో ఇది లెక్కపెట్టి చూపిస్తాది. మీరు చెవితో వినేదే ఇది కూడా."

"అట్లయితే మా ఇద్దురిదీ ఒకే పని," అన్నాడు చిన్నబ్బ.

ఒంటిగంటకు గ్రానైటు యంత్రాలు ఆగాయి. షెడ్డులో పంకాలు కట్టేశారు. ఫోన్లు ఆపేశారు. మునస్వామి తువ్వాలు ముక్కు దాకా లాక్కుని కళ్లు మూసుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో రోటరు మరింత పెద్దదిగా కనిపించింది. చిన్నబ్బ స్టూలు జరుపుకుని పొడుగు వరుస దగ్గర కూర్చుని మొదటి రెక్కను తట్టాడు.

ఐశ్వర్య ఇలాంటివి చాలానే కొలిచింది గానీ కొట్టేటప్పుడు తెర చూసుకోవడమే తప్ప మోత విన్నది లేదు. ఇప్పుడు విన్నది. ఉక్కు ముక్క ఒకటి గొంతెత్తి, సన్నగా సాగి సాగి, ఎక్కడ ఆగిందో తెలియకుండా గాలిలో కలిసిపోయింది. "మోగింది" అన్నాడు చిన్నబ్బ, దేవుడి గదిలో మాట్లాడినట్లు మెల్లగా. రెండో రెక్క. మూడో రెక్క. అన్నీ ఒకే తల్లి బిడ్డల గొంతులు. ఇరవై రెండో దాని దగ్గర ఆయన ఆగాడు.

"పగులు ల్యా. కానీ ఇది రొంత బరువు గొంతు."

ఐశ్వర్య తెర చూసింది. మిగతా రెక్కలన్నీ సెకనుకు ఐదు వందల పన్నెండు సార్లు వణికితే ఇది ఐదు వందల ఆరు.

"సార్, ఆరే ఆరు తేడా! మీకు ఎట్లా తెలిసింది?"

"ఎట్ల తెలిసేదేముండాదిమ్మా. అదే సెప్తా ఉండాదే."

పొడుగు వరుసలో మొత్తం నాలుగు చోట్ల ఆయన ఆగాడు, నాలుగు చోట్లా తెర ఆయన మాటే చెప్పింది. ఐశ్వర్య అంకెలు రాసుకోవడం మరిచిపోయి ఆయన చెవి వంక చూస్తూ కూర్చుంది. చిన్నబ్బకు లోలోపల గర్వంగానే ఉంది. మనిషన్నాక ఆ మాత్రం ఉంటుంది. మధ్య వరుసలు కూడా దాటి, స్టూలు రెండో చివరికి జరుపుకుని, పొట్టి వరుస అందుకున్నాడు.

పొట్టి రెక్కలు అరవై రెండు. వాటి గొంతు సన్నం, కుక్కరు కూతంత సన్నం. చిన్నబ్బ ఒకటి నుంచి పది దాకా తట్టి పదిసార్లూ "మోగింది" అన్నాడు. పదకొండోది తట్టాడు.

"మోగింది."

ఐశ్వర్య తలెత్తింది. ఆమె చెయ్యి ఆ రెక్క మీదే ఉంది. బిళ్లను మైనంతో అంటించి, అది గట్టిగా పట్టుకోవాలని రెండు వేళ్లతో రెక్కను నొక్కి పట్టుకుని ఉంది.

"సార్... దీన్ని నేను పట్టుకోనుండాను."

"ఊఁ?"

"గట్టిగా ఒత్తి పట్టుకోనుండాను సార్. ఇది మోగలేదు. టక్కుమన్నాది, అంతే."

చిన్నబ్బ ఆమె వేళ్లను చూశాడు. మోగే గంటను చేత్తో పట్టుకుంటే మోత చస్తుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ ఆయనకు ఆ మోత వినపడింది. సన్నగా, సాగుతూ, ముప్పై ఒక్క ఏళ్లుగా విన్నట్లే వినపడింది.

"మళ్లా పట్టుకోమ్మా," అని కళ్లు మూసుకుని తట్టాడు. మోగింది. "ఇప్పుడు వదులు." మోగింది. "ఇప్పుడు నీ ఇష్టం. పట్టుకో, వదులు. నాకు సెప్పాకు."

ఎనిమిది సార్లు తట్టాడు. ఎనిమిది సార్లూ ఒకేలా మోగింది. కళ్లు తెరిచి ఆమె మొహం చూశాక ఇంకేమీ అడగనక్కర లేకపోయింది. ఆ మోత రెక్కలోంచి రావడం లేదు. సుత్తి తగలగానే ఏం వినపడాలో ఆయన తలకాయకు కంఠతా వచ్చు. చెవి ఎప్పుడో చేతులెత్తేసింది. జ్ఞాపకం దాని కుర్చీలో కూర్చుని, చడీచప్పుడు కాకుండా కొలువు చేసుకుంటూ పోతోంది. తెలియనివాడు ఈ తప్పు చెయ్యలేడు. అంత బాగా తెలిసినవాడే చెయ్యగలడు.

చిన్నబ్బ సుత్తి మోకాలి మీద పెట్టుకుని మునస్వామి వైపు చూశాడు. మునస్వామి తువ్వాలు కింద హాయిగా కునుకు తీస్తున్నాడు. ఈ వరుస రెండేళ్ల కిందట కూడా ఇదే స్టూలు ముందుకు వచ్చింది. అప్పుడు కూడా అరవై రెండుసార్లు "మోగింది" అన్నాడు.

"ముందు ఈ పని కానీమ్మా," అన్నాడు చివరికి. "నేను ఊరికే కొడతాను. ఇనేది నువ్వే."

ఒకటి నుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఆయన "మోగింది" అనలేదు. స్టూలు తెర వైపు తిప్పుకుని చూస్తూ కొట్టాడు. ప్రతి దెబ్బకూ తెర మీద ఒక గీత సూది మొనలా లేచి నిలబడుతోంది. నాలుగు వేల పది. నాలుగు వేల ఎనిమిది. నాలుగు వేల పన్నెండు. ఆయన పోగొట్టుకున్న గొంతులన్నీ వరసగా లేచి కంటికి కనపడుతున్నాయి. ఇన్నేళ్లు చెవితో విన్నదానికి ఇలాంటి రూపం ఉందని ఆయన ఏనాడూ అనుకోలేదు. గుండెలో అంత బరువు పెట్టుకుని కూడా ఆయన ఆశ్చర్యపోకుండా ఉండలేకపోయాడు.

"ఇంత సన్నంగా ఉంటాదా ఇది!" అన్నాడు. "సూడు, ఎంత నిటారుగా లేస్తా ఉండాదో."

యాభై ఏడో రెక్కకు గీత నిటారుగా లేవలేదు. మూడు వేల ఐదు వందల దగ్గరే, పొట్టిగా, అడుగున వెడల్పుగా కూలబడింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే. ఆ రెక్క పైకి మిగతా వాటిలాగే తళతళలాడుతోంది. చిన్నబ్బ జేబులోంచి సుద్దముక్క తీసి దాని చుట్టూ సున్నా చుట్టాడు.

ఆ రోజు రెండున్నరకు ఆయన అన్నం తినలేదు. పొట్టి వరుసకు గాడిలో ఒక చోట తలుపులాంటి సందు ఉంటుంది, అక్కడి నుంచి ఒక్కొక్క రెక్కను జరుపుతూ బయటికి తియ్యాలి. యాభై ఏడోది ఆ సందుకు దగ్గరే. నాలుగింటికి బయటపడింది. దాని మొదలు దగ్గర వెంట్రుకంత నల్లటి గీత. కబురు విని వచ్చిన సుబ్రమణ్యం దాన్ని బల్ల మీది బిగింపులో పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. చప్పున రెండుగా విరిగింది. ఐశ్వర్య విరిగిన చోటును దీపం కింద పెట్టి భూతద్దంతో చూసింది.

"నల్లగా ఉన్నది పాత పగులు, ఆవిరి తగిలి అట్లా నల్లబడింది. తెల్లగా ఉన్నదే ఇప్పుడు విరిగింది. చెరుకు సీజను అయిపోయి మిషను ఆగినప్పుడల్లా పగులు మీద ఒక గీత పడతాది సార్. ఇక్కడ రెండు గీతలు ఉన్నాయి." ఆమె గొంతు తగ్గింది. "అంటే రెండు సీజన్లకు ముందే మొదలైంది."

ముక్కాలు భాగం నల్లగా ఉంది. పట్టుకుని ఉన్నది పావు భాగమే. రెండు కార్ల బరువును, నిమిషానికి ఆరువేల చుట్ల మీద, ఆ గోరంత ఉక్కు పట్టుకుని వదలకుండా ఉంది. అక్కడున్న నలుగురూ ఆ ముక్కను చూస్తూ ఉండిపోయారు.

మొదట తేరుకున్నది మునస్వామి. రెండు చేతులూ జోడించి చిన్నబ్బ వైపు తిరిగాడు.

"కాపాడినావప్పా! ఇంగొక్క సీజను నడిసింటే నన్ను గోడకు అతికించి ఉండును. నీ సెవి సల్లగుండా!"

"మా అన్న సెవంటే ఏమనుకున్న్యావు?" అంటూ సుబ్రమణ్యం అప్పటికే ఫోను తీసి విరిగిన రెక్కకు ఫోటో తీస్తున్నాడు. ఊళ్లో ఉన్న మిల్లులన్నిటికీ పంపడానికి. "అన్నా, రొంత ఇట్ల తిరుగు. నిన్ను గూడా తీస్తాను."

ఐశ్వర్య తెర వంక తప్ప ఎటూ చూడలేదు. ఆమె కాగితంలో ఈ రోజు అంకెలే ఉంటాయి. పదకొండో రెక్క సంగతి అందులో ఎక్కడా ఉండదు. ఆ సంగతి చిన్నబ్బకూ తెలుసు. ఏమీ అనకపోతే చాలు. ఫోటోలో నిలబడి, ఇంటికి పోయి, రేపు పొద్దున మళ్లీ రావచ్చు. మునస్వామి రెండు చేతులూ ఇంకా జోడించే ఉన్నాయి. మునస్వామి ఇక్కడ ప్రాణాలతో ఉన్నాడు. మరి మిగతా మునస్వాములో? ఈయన "మోగింది" అన్న రోటర్లు ఈ నిమిషంలో ఎక్కడెక్కడో తిరుగుతున్నాయి. వాటి పక్కన కూడా కుర్చీలున్నాయి.

చిన్నబ్బ ఫోను తీసి ఇంటికి చేశాడు.

"వరదా, కుక్కరు కూత నాకు మొట్టమొదట ఎప్పుడు ఇనపడకపాయ?"

ఎప్పటి నుంచో నాలుక చివర పెట్టుకున్నట్లు జవాబు వచ్చింది.

"మన లోకేశ్వరి కాన్పుకు వచ్చినప్పుడు. మూడేండ్లాయ. నాకు తెలుసులే. నువ్వే సెప్తావని సూస్తా ఉండాను."

ఆయన ఫోను జేబులో పెట్టుకుని సుబ్రమణ్యం వైపు తిరిగాడు.

"ఫోటో వద్దు ముదలాళీ. ఇది నేను పట్టింది గాదు. ఈ పాప పట్టింది. పొట్టి వరస నాకు ఇనపల్యా. మూడేండ్లుగా ఇనపల్యా. ఈ దినమే తెలిసినాది." తర్వాత మునస్వామిని చూశాడు. "పోయినసారి నీ బ్లేడు బాగుండాదని సెప్పింది నేనేనప్పా. అప్పుటికే పగిలుండాది."

మునస్వామి చేతులు మెల్లగా విడిపోయాయి. సుబ్రమణ్యం గబగబా వెళ్లి షెడ్డు తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"అన్నా, ఏం మాట్లాడతా ఉండావు? ఈ మాట బయటికి పోతే ఇంగ ఒక్క రోటరు మన గేటు లోపలికి వస్తాదా? మా నాయన పెట్టిన షెడ్డు ఇది!"

"ఆయన పెట్టిన షెడ్డు గాబట్టే సెప్తా ఉండాను. కాగితం ఎత్తుకో. మూడేండ్లలో పొట్టి వరస ఉండేవి ఇది గాక ఆరు వచ్చినాయి. అన్నీ నాకు గుర్తుండాయి."

నిజంగానే గుర్తున్నాయి. ఏ రోటరు ఏ నెలలో వచ్చిందో, దాన్ని తెచ్చిన మనిషి ఎవరో, వరుసలో ఎన్ని రెక్కలో చిన్నబ్బ తడుముకోకుండా చెప్పుకుంటూ పోయాడు. సుబ్రమణ్యం రాయకుండా నిలబడితే, ఐశ్వర్య తన పుస్తకంలో రాసుకుంది. ఆరింటిలో మూడు ఇప్పుడు నడుస్తున్నాయి. మొదటి మిల్లుకు ఐశ్వర్యే ఫోను చేసింది. అవతలి వాళ్లు కేకలేశారు. రెండో ఫోను దగ్గర సుబ్రమణ్యం నిట్టూర్చి, ఆమె చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"నేను సుబ్రమణ్యాన్ని మాట్లాడతా ఉండాను. మిషను ఆపండి. ఔ, ఇప్పుడే. తప్పు మాదే. కర్సు గూడా మాదే."

ఆ మాట అనేటప్పుడు అతని గొంతు అచ్చం వాళ్ల నాయన గొంతులా ఉందని చిన్నబ్బకు అనిపించింది. ఆ గొంతు ఆయనకు బాగానే వినపడింది.

ఐదుంపావుకు చిన్నబ్బ చేతులు కడుక్కుని, నూనె చొక్కా విప్పి ఇంటి చొక్కా వేసుకున్నాడు. వెళ్లొస్తానని ఎవరికీ చెప్పలేదు. ఎవరూ ఆపలేదు. గేటు దగ్గర మునస్వామి బీడీ ముట్టించబోయి, పుల్ల గీయడం చేతకాక నిలబడి ఉన్నాడు. చిన్నబ్బ అగ్గిపెట్టె తీసుకుని గీసి ఇచ్చాడు. మునస్వామి రెండు దమ్ములు పీల్చాడు.

"రెండు సీజన్లప్పా," అన్నాడు. "దాని పక్కన కూసోనే టిపిను తింటి. కునుకు గూడా తీస్తి."

"నన్ను తిట్టప్పా. తిడితే నాకు రొంత బాగుంటాది."

మునస్వామి తిట్టడానికే నోరు తెరిచినట్లున్నాడు. కానీ నవ్వు వచ్చింది, ఆ నవ్వులోనే కళ్లు నిండాయి. "నువ్వు నోరు మూసుకోనుంటే, సచ్చేదాకా నీకు దండం పెడతా ఉందునే!" అన్నాడు. బస్సు వచ్చేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.

మరునాడు చిన్నబ్బ రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఆయన ఇప్పుడు ఒంటిగంటకే అన్నం తింటున్నాడని, కుక్కరు ముందు నిలబడి పైనుండే బరువు లేచినప్పుడల్లా కూతల లెక్కకు వేళ్లు మడుస్తున్నాడని వరదమ్మ ఫోనులో సుబ్రమణ్యానికి చెప్పింది. ఆరు రోటర్లనూ విప్పి కొలిచారు. ఐదు బాగున్నాయి. ఒక నూనె మిల్లు నుంచి వచ్చిన దానిలో ఒక పొట్టి రెక్క మొదలు సగానికి పైగా పగిలి ఉంది. దాని పక్కన కుర్చీ వేసుకునే మనిషి ఎవరో షెడ్డులో ఎవరికీ తెలియదు.

గ్రానైటు యంత్రాలు ఆగగానే షెడ్డులో పంకాలు కట్టేసే అలవాటు ఇంకా పోలేదు. ఆ గంటసేపు అందరూ మెల్లగా నడుస్తారు. గేటు పక్కన, పని ఇవ్వడానికి వచ్చినవాళ్లు కూర్చునే చోట, సుబ్రమణ్యం ఒక చిన్న బల్ల వేయించాడు. వద్దని చాలామంది చెప్పినా వినలేదు. దాని మీద పాత గుడ్డ, ఆ గుడ్డ మీద రెండు ముక్కలైన ఒక ఉక్కు రెక్క ఉన్నాయి. విరిగిన చోట ముక్కాలు భాగం బొగ్గులా నల్లగా ఉంది. మిగిలిన పావు భాగం ఇప్పటికీ తుప్పు పట్టకుండా తెల్లగా మెరుస్తోంది.